కంచె పక్కన నిలబడి నేర్చుకున్న చదువు

(‘స్త్రీలు - కెమెరా’ అనే అంశంపై మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మోటారు రేసుల ఫోటోల గురించి మాట్లాడమన్నారు. పొద్దుట్నుంచీ మనం గృహహింస చట్టం గురించీ, ఉపాధి హామీ కూలి గురించీ, భూమి పట్టాల గురించీ మాట్లాడుకున్నాం. వీటి మధ్య రేసులేమిటని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. మొదట్లో నాకూ అనిపించింది. డబ్బున్నవాళ్ళ సరదా, పెట్రోలు పొగ, మగవాళ్ళ సంబరం. అందులో మనకేం పని? దీనికి సిద్ధాంతంతో జవాబు చెప్పలేను. నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరే తేల్చండి.

మా నాయనకు నెల్లూరులో మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. బడి అయిపోగానే నేనూ మా అన్నా అక్కడికే పోయేవాళ్ళం. బాగైన బండిని అన్న ఒక చుట్టు తిప్పి చూసేవాడు. నేను స్పానర్లు అందించేదాన్ని, చీకటి పడితే లైటు పట్టుకునేదాన్ని. ఇంజను శబ్దం విని అది ఏ బండో, దానికి వచ్చిన జబ్బేమిటో చెప్పగలిగేదాన్ని. నడపడం మాత్రం నాకు రాలేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మననూ లేదు. మన ఇళ్ళల్లో చాలా నిషేధాలు ఇలాగే ఉంటాయి.

తర్వాత సంఘంలోకి వచ్చాను. ఒక్కసారి మన సంఘాల ఆల్బములు తిరగేయండి. వెనక బ్యానరు, ముందు వరసగా నిలబడిన మనం. ఫోటో తీసింది స్టూడియో అబ్బాయో, జీపు డ్రైవరో. ధర్నాలో పోలీసులు తోసిన క్షణం, సారా దుకాణం ముందు ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచిన క్షణం ఏ ఆల్బములోనూ ఉండవు. కదలకుండా నిలబడ్డప్పుడే మనకు ఫోటో తీస్తారు. కదిలేదాన్ని తీయడం మనకు రాదు. ఆ మాట నన్ను చాలాకాలం తొలిచింది.

2021 చివర్లో చీటీ పాడిన డబ్బుతో ఒక పాత కెమెరా కొన్నాను. కానన్ 1200డి. దాంతోపాటు రెండు లెన్సులు, ఒకటి చిన్నది, ఒకటి 250 దాకా దూరం చూసేది. 41 ఏళ్ళ వయసులో నా పేరు మీద కొనుక్కున్న మొదటి యంత్రం అది. కుట్టుమిషను కూడా అత్తగారి పేరు మీదే ఉండేది!

మొదటి రోజు

చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు కట్టించింది. 1990 నుంచి నడుస్తోంది. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. 2022లో ఒక శనివారం తోటి కార్యకర్తను వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కాను.

కెమెరాలో పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న సెట్టింగు ఒకటి ఉంటుంది. ఆటలకు అదే పెట్టాలనుకుని పెట్టాను. సాయంత్రానికి 600 ఫోటోలు తీశాను. సగం ఫోటోల్లో ఖాళీ రోడ్డు ఉంది, బండి అప్పటికే వెళ్ళిపోయింది. మిగతా వాటిలో బండి బాగానే పడింది గానీ స్టాండు వేసి నిలబెట్టినట్టు ఉంది. చక్రం లోపలి కడ్డీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నేను చూసిన వేగం ఫోటోలో లేదు.

కారణం తర్వాత తెలిసింది. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 30 మీటర్లు పోతుంది. షట్టరు సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆలోగా బండి కదిలేది 3 సెంటీమీటర్లే. అందుకే ఆగినట్టు కనిపిస్తుంది. అదే 125వ వంతు తెరిస్తే 24 సెంటీమీటర్లు కదులుతుంది. కెమెరాను కదలకుండా పట్టుకుంటే బండి చెరిగిపోతుంది. బండితోపాటు కెమెరాను అదే వేగంతో తిప్పితే బండి స్పష్టంగా ఉండి, వెనక ఉన్న చెట్లూ జనమూ గీతలు గీతలుగా సాగిపోతాయి. దీన్ని పానింగ్ అంటారు. వేగం కనిపించేది అప్పుడే.

చెప్పడం తేలిక, చేయడం కష్టం. మొదట ఒక పెద్దమనిషి సాయానికి వచ్చాడు. “అలా కాదు, ఇలా ఇవ్వండి” అని నా చేతిలోని కెమెరా తీసుకుని ఏవో నొక్కి, నాలుగు ఫోటోలు తానే తీసి ఇచ్చాడు. మంచి ఫోటోలే. ఏం నొక్కాడో చెప్పలేదు. బ్యాంకులో మన ఫారాలు నింపిపెట్టేవాళ్ళు గుర్తొచ్చారు. పని అయిపోతుంది, మనకు మాత్రం రాదు.

మర్నాడు ఒక చెన్నై అమ్మాయి కలిసింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కెమెరా ముట్టుకోకుండా నా కాళ్ళవైపు చూసింది. “అక్కా, బండి వచ్చేవైపు కాళ్ళు పెట్టారు. ఫోటో ఎక్కడ తీయాలనుకుంటున్నారో అటు పెట్టండి. నడుం మాత్రం వెనక్కి తిప్పి బండిని పట్టుకోండి, దాంతోపాటు మెల్లగా విప్పుకుంటూ రండి. నొక్కాక కూడా ఆపకండి” అంది. మోచేతులు పక్కలకు ఆనించమంది. తెర చూడకుండా కన్ను కిటికీకి ఆనించమంది. ఫోకసును కదిలే వస్తువుకు పనికొచ్చే పద్ధతిలో, అంటే ఏఐ సర్వోలో పెట్టమంది. బటను సగం నొక్కి ఉంచితే కెమెరా బండిని వెంటాడుతూనే ఉంటుంది. కంచె అడ్డమొస్తే లెన్సును తీగకు దగ్గరగా ఆనించి, ఎపర్చరు పూర్తిగా తెరిస్తే తీగ దాదాపు మాయమైపోతుందని చూపించింది. కంచె నుంచి దూరం జరిగినకొద్దీ కంచె స్పష్టంగా కనబడుతుంది. ఇది ఫోటోల గురించి మాత్రమే చెప్పిన మాటని నేననుకోవడం లేదు.

ఆ రోజు 400 తీస్తే నాలుగు నిలిచాయి. నాలుగూ నావే.

ఇంటికొచ్చాక సాధన మొదలుపెట్టాను. సాయంత్రాలు 16వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడి బస్సుల్ని తీసేదాన్ని. ఊళ్ళో సైకిళ్ళను 30వ వంతులో తీసేదాన్ని. “ఎందుకమ్మా బస్సుల్ని తీస్తా ఉండావు, ఏ బస్సైనా తప్పిపోయిందా?” అని టీ కొట్టాయన అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. ఆర్నెల్లకు పదింట ఒకటి నిలవడం మొదలైంది.

నీళ్ళు తాగకుండా

ట్రాకు దగ్గర నన్నెవరూ అవమానించలేదు. అది మొదట చెప్పాలి. కాపలా ఆయన మర్యాదగానే “మేడమ్, లేడీస్ అక్కడ షామియానా కింద కూర్చున్నారు” అన్నాడు. మలుపు దగ్గర ఎండలో నిలబడేవాళ్ళు లేడీస్ కాకూడదు. నేను కదల్లేదు, ఆయనా బలవంతం చేయలేదు. కానీ మలుపు దగ్గర మరుగుదొడ్డి లేదు. ఉన్నచోటికి పోయి వచ్చేలోపు రేసు అయిపోతుంది. అందుకని పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకుండా నిలబడ్డాను. పొలం పనులకూ, ధర్నాలకూ పోయే మీకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. స్త్రీలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టక్కర్లేదు. ఒక్క మరుగుదొడ్డి కట్టకపోతే చాలు.

రేసుల ప్రపంచంలో స్త్రీలను ఎక్కడ నిలబెట్టారో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఫార్ములా వన్ చరిత్రలో పాయింటు సంపాదించిన స్త్రీ ఇప్పటికీ ఒక్కతే, ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి. 1975 స్పెయిన్ రేసులో ఆమెకు వచ్చింది అర పాయింటు. రేసుకు ముందు కార్ల పక్కన అలంకరించిన అమ్మాయిలను నిలబెట్టే పద్ధతి మాత్రం 2018 దాకా సాగింది. మన దేశానికి వస్తే బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్యా పిస్సే 2019లో అంతర్జాతీయ మోటారుసైకిల్ సమాఖ్య బాహాస్ ప్రపంచ కప్పులో మహిళల టైటిల్ గెలిచింది. మోటారు క్రీడల్లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. ఆ సంగతి మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

ఇరుంగాట్టుకోట్టైలో జరిగే జాతీయ మోటారుసైకిల్ పోటీల్లో అమ్మాయిలకు విడిగా రేసు ఉంది. హెల్మెట్టు, తోలు సూటు వేసుకున్నాక ఎవరు ఆడో ఎవరు మగో తెలియదు. మలుపులో బండి వంచి, మోకాలు నేలకు దగ్గరగా పెట్టి వాళ్ళు పోతుంటే నాకు మా నాయన షెడ్డు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఫోకసు తప్పింది, అది వేరే సంగతి.

రేసు ముగిశాక కెమెరాల వాళ్ళంతా పరుగెత్తారు. హెల్మెట్టు తీయించారు, జడ ముందుకు వేయించారు, నవ్వమన్నారు. నేనూ ఒకటి తీశాను. తర్వాత ఒక అమ్మాయిని పిలిచి కెమెరా తెర మీద రెండు ఫోటోలూ చూపించి “నీకు ఏది పంపమంటావు?” అని అడిగాను. మలుపులో వంగి ఉన్నదాని మీద వేలు పెట్టింది. “ఇందులో నంబరు కనబడుతోంది” అంది. ఫోటోలో ఉన్న మనిషిని అడగాలన్న పాఠం ఆవిడే నేర్పింది. మన కేసులకు వచ్చే స్త్రీల ఫోటోలు దాతల నివేదికల్లో వేసేముందు ఎంతమందిని అడిగాం? నా చేతులతో నేనే అడక్కుండా ఎన్నో పంపాను.

పెన్న ఒడ్డున

ఇక అసలు సంగతి. పెన్న ఒడ్డున మేం పనిచేసే ఒక ఊళ్ళో ఇసుక లారీలు అంగన్‌వాడీ ముందునుంచే పోతాయి. 2023లో అక్కడి ఆయాను ఒక లారీ గుద్దింది. కాలు తీసేశారు. మేం అర్జీ ఇస్తే ఆఫీసులో “ఎన్ని లారీలు? ఏ టైముకు? నంబర్లేవి? ఆధారం తెండి” అన్నారు. వేగంగా పోయే లారీని సెల్‌ఫోనుతో తీస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు నా కెమెరా బయటికొచ్చింది. ఇక్కడ పానింగ్ అక్కర్లేదు, వేగం అందంగా కనబడక్కర్లేదు. నంబరు కనబడాలి. అందుకని వెయ్యో వంతు, వెలుతురు తగ్గితే 800వ వంతు. ట్రాకు మీద తప్పనుకున్నదే ఇక్కడ ఒప్పయింది. రెండు రోజులు కూర్చుని తీశాం. ఆఫీసులో కంప్యూటరుకు పెడితే ఫోటోల తేదీ ఎన్నో ఏళ్ళ కిందటిది చూపించింది! బ్యాటరీ తీసి చాలా రోజులు పక్కన పెట్టినప్పుడు గడియారం మొదటికి వచ్చింది. తేదీ సరిచేయమని కెమెరా అడిగితే నేను పట్టించుకోలేదు. రెండు రోజుల కష్టం దండగ. ఆయా కూతురి ముఖంలోకి ఆ రోజు చూడలేకపోయాను.

మళ్ళీ పోయాం. ఈసారి గడియారం సరిచేసి, రోజూ మొదటి ఫోటోగా ఫోనులోని టైమును తీశాను. ఎప్పుడూ ఇద్దరం తక్కువ కాకుండా ఉన్నాం, ఎందుకంటే రెండో రోజు ఒక లారీ ఆపి మరీ బెదిరించారు. మూడు రోజుల్లో నంబరు స్పష్టంగా ఉన్న ఫోటోలు 46 వచ్చాయి. వేగం ఫోటోతో తేలదని అధికారి అన్నారు. అది నిజమే. కానీ టార్పాలిన్ లేకుండా, పిల్లలు వచ్చే వేళకు ఏ ఏ లారీ పోయిందో తేలింది. స్పీడు బ్రేకర్లు వేశారు, పొద్దున రెండు గంటలు లారీలు ఆపారు. కొన్ని నెలలకు ఆపడం మానేశారు. ఆయాకు పరిహారం కేసు ఇంకా నడుస్తోంది. గెలిచామని చెప్పలేను.

కేసు కోసం లాయరమ్మ మాకో సంగతి చెప్పింది, మీరూ రాసుకోండి. కార్డులో ఉన్న అసలు ఫోటోను చెరపకూడదు, దిద్దకూడదు. దిద్దాలంటే నకలు తీసి దిద్దుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అంతకుముందు పాత సాక్ష్య చట్టం 65బి కింద ఇచ్చేవారు. ఇప్పటి నమూనాలో రెండు భాగాలున్నాయి. ఒకటి సాక్ష్యం ఇచ్చేవాళ్ళు నింపాలి, రెండోది నిపుణులు నింపాలి. కెమెరా ఏ కంపెనీది, ఏ నంబరు, ఎవరి ఆధీనంలో ఉంది అన్నవి అందులో రాయాలి.

ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు నాకు హోమాయ్ వ్యారావాలా గుర్తొచ్చారు. 1913లో పుట్టిన ఆవిడ మన దేశపు మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుని చరిత్రను తీసిన మనిషి. మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. పద్మవిభూషణ్ వచ్చేసరికి 2011, ఆవిడ తొంభై దాటారు. నా ఫోటోలు ఆవిడ కాలిగోటికి సరిరావు. కానీ ‘ఫోటో తీసినది ఎవరు’ అన్న గడిలో నా పేరే రాశాను.

అందుకని నేను కోరేది చిన్నది. ప్రతి మండల సంఘంలో ఇద్దరైనా కదిలేదాన్ని తీయడం నేర్చుకోండి. రేసులకే పోనక్కర్లేదు. రోడ్డు పక్కన నిలబడి బస్సుల్ని తీయండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నా కెమెరా తెచ్చాను. భోజనాల తర్వాత బయట రోడ్డు దగ్గరికి వస్తే పట్టుకోవడం చూపిస్తాను. మీ చేతిలోంచి మాత్రం తీసుకోను.

ముందుగా గడియారం చూసుకోండి. సెలవు.