ఎనిమిది ప్రయోగముల జమాఖర్చు

(ఆర్మూరు పఠన మందిరమున గావింపబడిన ఉపన్యాసము)



చంద్రునిపై మన నౌక దిగిన 2023 ఆగస్టు 23వ తేదీని స్మరించుచు దేశము ఏటేట జాతీయ అంతరిక్ష దినమును జరుపుకొనుచున్నది. ఆ విజయమును గూర్చి ప్రసంగించువారికి కొదువ లేదు. కావున మేము దానిని విడిచి, ఎన్నడో విరమింపబడిన రెండు పాత రాకెట్లను గూర్చి ముచ్చటింప నెంచితిమి. వాని పేర్లు ఎస్.ఎల్.వి.-3, ఎ.ఎస్.ఎల్.వి. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. రెండును మన తెలుగు గడ్డపై నున్న శ్రీహరికోట నుండియే లేచినవి. 1979 మొదలు 1994 వరకు ఎనిమిది పర్యాయములు ప్రయోగింపబడి, పిమ్మట సెలవు తీసికొన్నవి.

వీనిని గూర్చి ఇపుడు మాటాడ నేల యందురా? రాకెట్టు కూలిన ప్రతి పర్యాయమును మన బజారున ఒక మాట వినవచ్చును: ప్రజల సొమ్ము నీళ్లపాలయ్యెను గదా, పసుపునకు గిట్టుబాటు ధర లేక రైతు తల పట్టుకొని కూర్చుండగా ఆకాశమున బాణసంచా ఏల యని. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. పన్ను కట్టువాడు లెక్క యడుగుట అతని హక్కు. లెక్క యడిగినవానికి దేశభక్తిని గూర్చి ఉపదేశము చేసి పంపుట న్యాయవాద వృత్తిలో నున్న మాకు సమ్మతము గాదు. లెక్కయే చూపవలెను.

మొదట ఖర్చు వైపు చూతము. 1979 ఆగస్టు 10న ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతమున బడెను. 1980 జూలై 18న రెండవది 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 1981 మే 31న మూడవది తలచిన ఎత్తునకు చేరలేదు. దాని ఉపగ్రహము తొమ్మిది దినములలో రాలిపోయెను. 1983 ఏప్రిల్ 17న నాలుగవది నెగ్గెను. తరువాత వచ్చిన ఎ.ఎస్.ఎల్.వి. 1987 మార్చి 24న ఒక పర్యాయము, 1988 జూలై 13న మరియొక పర్యాయము కూలెను. 1992 మే 20న ఉపగ్రహమును కక్ష్యలో నుంచెను గాని, ఎత్తు చాలక అది రెండు నెలలైనను నిలువలేదు. 1994 మే 4న పూర్ణ విజయము. ఎనిమిదింట మూడు మునక, రెండు సగము పంట, మూడు నిండు పంట. ఇది చూచి వర్తకుడెవ్వడును సంతోషింపడు.

పైగా ఈ రాకెట్టు స్వభావమే వ్యయము. ఎస్.ఎల్.వి.-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అది మోయగలిగినది 40 కిలోలు. మన మార్కెట్టులో హమాలీ వీపున మోయు పసుపు బస్తా అంతకంటె బరువు. తక్కిన బరువంతయు ఘన ఇంధనము, దానిని నింపిన గొట్టములు. నాలుగు అంతస్తులు, ఒక్కొక్కటి కాలి ఊడిపోవుచుండగా పైది వెలుగును. సెకనుకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగము రానిదే ఉపగ్రహము భూమి చుట్టును తిరుగజాలదు. ఆ వేగము తెచ్చుటకు కాలిన దెల్ల పారవేయవలసినదే. తూర్పు దిక్కుగా ఎగిరినచో భూభ్రమణ వేగము కొంత కలిసివచ్చును, ఊడిన గొట్టములు జనుల నెత్తిన బడక సముద్రమున బడును. శ్రీహరికోటను ఎన్నుకొనుటకు ముఖ్యకారణ మిదియే. అనగా ఎంత గొప్పగా నెగ్గినను రాకెట్టు సముద్రపాలు గావలసినదే. నెగ్గుటకును ఓడుటకును భేదము ఉపగ్రహము పైన మిగులుటలోనే గలదు.

1979 నాటి ఓటమిని కొంత వివరింపవలెను. రెండవ అంతస్తును అదుపులో నుంచు యంత్రాంగమున ఒక కవాటము సరిగా పనిచేయక నత్రికామ్లము కారిపోయెను. ఆ అంతస్తు వెలిగిన పిమ్మట దానిని త్రిప్పి నిలుపు శక్తి లేకపోయెను. 317 సెకనులకు ప్రయాణము ముగిసి, తీరమునకు 560 కిలోమీటర్ల దూరమున శకలములు నీట బడెను. ఎగురుటకు ముందే గణన యంత్రము ఆగుమని సూచించెననియు, నిపుణుల మాటపై తానే ముందుకు సాగనిచ్చితిననియు, ఆ ప్రణాళికకు అధిపతియైన అబ్దుల్ కలాంగారు అనేక సభలలో స్వయముగా చెప్పెడివారు. నాడు పత్రికలవారి యెదుట కూర్చున్నది కలాంగారు కాదు. సంస్థాధ్యక్షులైన సతీష్ ధావన్‌గారు. ఓటమి భారమును తామే వహించిరి. మరుసటి యేట విజయము కలిగినపుడు మాత్రము కలాంగారినే ముందు నిలిపిరి. కోర్టులలో మేము ప్రతిదినము చూచునది దీనికి విరుద్ధము. నేరము గుమాస్తాది, కీర్తి యజమానిది.

1980 విజయముతో భారతదేశము స్వశక్తితో ఉపగ్రహమును నిలిపిన ఆరవ దేశమయ్యెనని కొందరు, ఏడవదని కొందరు లెక్కింతురు. ఈ తగవునకు మూలము బ్రిటను. ఆ దేశపు బ్లాక్ యారో రాకెట్టు 1971 అక్టోబరు 28న ఆస్ట్రేలియాలోని వూమెరా నుండి ఎగిరి ప్రాస్పెరో అను ఉపగ్రహమును కక్ష్యలో నుంచెను. చిత్రమేమన, అంతకు మూడు నెలలు ముందే ఆ ప్రభుత్వము ఆ రాకెట్టును రద్దు చేసియుండెను. అమెరికా రాకెట్టును బాడుగకు తీసికొనుట చౌక యని వారి లెక్క. గెలిచిన రాకెట్టు వారసులు లేక పోయెను. కాగితముపై ఆ లెక్క తప్పు గాదేమో! గాని చౌక యని మానుకొన్న విద్య మరల కావలెనన్నపుడు ఏ ధరకు దొరకునో వారు గుణించినట్లు లేదు.

మన రాకెట్లును విరమింపబడినవే గదా, భేద మేమందురా? ఆ భేదమును చెప్పుటకే మేము వచ్చితిమి.

ఎ.ఎస్.ఎల్.వి. యనునది వేరు జన్మము గాదు. ఎస్.ఎల్.వి.-3 యొక్క అడుగు మోటారునే మూడుగా జేసి, ఒకటి నడుమ నుంచి, రెండింటిని ప్రక్కల గట్టిరి. మోయు శక్తి 40 నుండి 150 కిలోలకు పెరిగెను. ప్రక్క మోటార్లు నేలపైననే వెలుగును, నడిమిది ఆకాశమున వెలుగవలెను. 1987లో అది వెలుగనే లేదు. 1988లో వెలిగెను గాని, ఒకదాని బలము తగ్గి వేరొకదాని బలము పుంజుకొను సంధికాలమున గాలి వత్తిడికి అదుపు తప్పి విరిగిపోయెను. పత్రికలు పరిహసించినవి. అధ్యక్షులు యు.ఆర్. రావుగారి కాలమది. మూడవ ప్రయోగమునకు దాదాపు నాలుగేండ్లు పట్టెను. ఆ వ్యవధిలో రాకెట్టు అడుగున రెక్కలు చేర్చిరి. నడిమి మోటారును గడియారము ననుసరించి వెలిగించు పద్ధతి మాని, ప్రక్క మోటార్ల బలము క్షీణించుటను రాకెట్టే పసిగట్టి వెలిగించునట్లు చేసిరి. ఇట్టి జ్ఞానము కూలిన రాకెట్టు నుండి తప్ప వేరొక చోట దొరకునది గాదు.

పసుపు పండించువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. త్రవ్విన పంటలో ఎక్కువ భాగమును ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపెట్టి అమ్ముదురు. కొంత పచ్చిదానినే విత్తనమునకు దాచుదురు. ఉడికిన కొమ్మునకు ధర వచ్చును గాని అది మొలకెత్తదు. మన తొలి ఉపగ్రహమైన ఆర్యభట 1975లో సోవియట్ రాకెట్టుపై వెళ్లెను. రైతులకు నిజముగా పనికివచ్చు ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము 1988 మార్చి 17న మరల సోవియట్ రాకెట్టుపైననే వెళ్లెను. దాని చిత్రములను అందుకొన్నది మన షాద్‌నగరు కేంద్రము. దాని బరువు 975 కిలోలు. నాలుగు మాసముల పిదప శ్రీహరికోటలో 150 కిలోల వాహనము కూలుచుండెను. బాడుగ రాకెట్టు ఉడికిన కొమ్ము వంటిది. పని జరిగెను, మేమును కాదనము. కూలినది విత్తనము.

మొలక ఎపుడు వచ్చెనో చూడుడు. 1992 మే నెలలో, రష్యా నుండి శీతల ఇంధన యంత్రపు విద్యను కొనుటకు మనము చేసికొన్న ఒడంబడికపై అమెరికా ఆంక్షలు విధించెను. 1993లో రష్యా ఆ విద్యను ఇయ్యజాలనని వెనుకకు తగ్గెను. కొనదలచినది ఆగిపోయెను. తాము నేర్చుకొన్నదానిని ఆపుట ఎవ్వరి తరము గాలేదు. ఆ మే నెలలోనే ఎ.ఎస్.ఎల్.వి. తొలిసారి నెగ్గెను. పి.ఎస్.ఎల్.వి. 1993 సెప్టెంబరు 20న ఒక పర్యాయము కూలి, 1994 అక్టోబరు 15న 804 కిలోల ఐ.ఆర్.ఎస్.-పి2ను కక్ష్యకు జేర్చెను. 150 కిలోల బండికి ఇక పని లేదు, దానిని విరమించిరి. కాని పి.ఎస్.ఎల్.వి. చుట్టును కట్టిన ఆరు మోటార్లును ఆ ఎస్.ఎల్.వి.-3 అడుగు మోటారు సంతతియే. వానిని కొంత పొడిగించి 2008లో చంద్రయానమునకును, 2013లో అంగారక యాత్రకును వాడిరి. 1989 మే 22న ప్రయోగించిన తొలి అగ్ని క్షిపణికి అడుగు అంతస్తుగా నిలిచినదియు ఆ మోటారే. బ్రిటను రాకెట్టు నిర్వంశమయ్యెను. మనది వారసులకు ఆస్తి పంచి వెళ్లెను.

ఈ జమాఖర్చున మరియొక పద్దు కలదు. దానిని దాచినచో మాది దొంగలెక్క యగును. పులికాటు సరస్సునకు సముద్రమునకు నడుమ నున్న శ్రీహరికోట నిర్జన ద్వీపము గాదు. అడవి దినుసులేరి, చేపలు పట్టి జీవించు యానాదులు అచ్చట తరతరములుగ నుండిరి. 1969లో స్థలము ఎంపికయ్యెను, 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్టు లేచెను, వారు స్థానభ్రష్టులైరి. పరిహారపు మాట వచ్చినపుడు చట్టము పట్టా యడుగును. పట్టా లేని అడవి బిడ్డల హక్కును గుర్తించు చట్టము 2006లో గాని రాలేదు. పసుపు రైతు పన్నుగా కొంత యిచ్చెను. యానాది తన దీవినే యిచ్చెను. రాకెట్టు వ్యయమును గూర్చి వాదించువారు ఈ పద్దును ముందు వ్రాయవలెను.

ఇపుడు విదేశములలో రాకెట్టు తిరిగి నేల దిగుచుండగా మనము పారవేయుట యెందులకని విద్యార్థులు మమ్మడిగిరి. మనవారును ఆ విద్యను ప్రారంభించిరి. 2023లో చిత్రదుర్గము వద్ద రెక్కల వాహనమును దింపి చూచిరి. అంతవరకు చిన్న ఉపగ్రహములకు చిన్న బండియే మరల కావలసివచ్చెను. ఎస్.ఎస్.ఎల్.వి. యను ఆ క్రొత్త బండి 2022 ఆగస్టు 7న తొలి ప్రయోగమున ఓడి, 2023 ఫిబ్రవరి 10న నెగ్గెను. బజారున నాడును అదే మాట వినబడెను.

ప్రయోగములను చూచుటకు 2019 నుండి శ్రీహరికోటలో ప్రజలకు వేదిక కలదు. సూళ్లూరుపేటలో రైలు దిగి సరస్సు మీదుగా పోవలెను. మన ఊరి బాలురు ఎన్నడైన పోయినచో, పి.ఎస్.ఎల్.వి. శిఖరమును గాక పాదమును చూడుడు. ప్రక్క మోటార్లు కట్టిన రకమైనచో, నడిమి స్తంభము చుట్టును సన్నని గొట్టములు కానవచ్చును. ఒక్కొక్కటి మీటరు వెడల్పు. 1979లో సముద్రమున బడినది అదియే.