మేడ మీద సోలారు – ఒక మాస్టరు లెక్క

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలారు గురించి రెండు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను. పిల్లలకు ఉర్దూలో హిసాబు చెప్పుకునే మాస్టర్ని. కనుక హిసాబే చెబుతాను.

మొన్న మా వీధి ఖాలా ఒకావిడ కరెంటు బిల్లు పట్టుకొచ్చింది. "మాస్టర్, గాజులు కుదువ పెట్టి మేడ మీద సోలారు వేయించేదా? ఇక బిల్లే రాదంటున్నారు" అని అడిగింది. చూస్తే నెలకు 90 యూనిట్లు. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తరువాతి 45కు మూడేసి రూపాయలు, మిగిలిన 15కు రూ.4.50. మొత్తం రూ.259.50. (పై చార్జీలు వదిలేశాను.)

ఒక కిలోవాటుకు డెబ్భై వేలు అవుతుందనుకుందాం. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకంలో సబ్సిడీ 30 వేలు. అదీ ముందు చేతికివ్వరు, బిగించాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అది పోను 40 వేలు మన నెత్తిన. బిల్లు పూర్తిగా మాయమైనా ఏడాదికి మిగిలేది రూ.3,114. సాలుకు నూటికి ఏడు వడ్డీకి తెస్తే వడ్డీయే రూ.2,800! వడ్డీ జోలికి పోవడం మనకెలాంటిదో మీకు తెలుసు. ఆ మాట పక్కన పెట్టినా హిసాబు కుదరడం లేదు.

ఏసీ, ఫ్రిజ్, మోటారు ఉండి 250 యూనిట్లు కాలే ఇల్లు వేరు. అక్కడ బిల్లు రూ.1,235 దాటుతుంది. రెండు కిలోవాట్లు పెడితే, మబ్బు రోజులు తీసేసి నెలకు 200 యూనిట్లు వేసుకోండి. పగలు మిగిలింది లైనుకు పోతుంది, రాత్రి వాడుకున్న దాంట్లో నెట్ మీటరు దాన్ని తగ్గిస్తుంది. తగ్గేది రూ.8.75, రూ.6 శ్లాబుల నుంచి మొదలు కనుక నెలకు పదకొండు వందలు మిగులుతుంది. ఖర్చు లక్షా నలభై అనుకున్నా, 60 వేల సబ్సిడీ పోను ఆరేళ్లలో తిరిగొస్తుంది. చేతిలో డబ్బు, నీడ పడని రెండు వందల చదరపు అడుగుల మేడ ఉన్నవారు నిక్షేపంగా పెట్టుకోండి. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎంతవరకు వస్తుందో మాత్రం ముందే చూసుకోండి.

ఇంకొక భ్రమ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి చీకట్లో కూర్చున్నాం కదా, సోలారుంటే ఆ బాధ ఉండదని కొందరంటున్నారు. బ్యాటరీ లేని సోలారు లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. బ్యాటరీకి ఖర్చు వేరే.

ఖాలా ఇంట్లో ఫ్యాను పాతది, 75 వాట్లు. కొత్త రకం ముప్పై లోపే. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు పదమూడు యూనిట్లు, సుమారు అరవై రూపాయలు తగ్గుతాయి. గాజులు చేతికే ఉంచుకుని, ఈద్ లోపు ఫ్యాను మార్చుకుంటానంది.