కొత్త ఇంజనుకు నాడీపరీక్ష



అమెరికాలో డ్రాగ్ రేసింగు అను మోటారు పందెమొకటి కలదు. రెండు బండ్లు పక్కపక్కన నిలిచి, తిన్నని బాటపై పావుమైలు, అనగా 1320 అడుగులు, పరుగిడును. 2008లో ఇంజను ప్రేలి ఒక చోదకుడు మరణింపగా, మిక్కిలి వేగము గల తరగతులకు ఆ దూరమును 1000 అడుగులకు తగ్గించిరి. కావుననే అచటి నిపుణులు కొత్త ఇంజనును, ధ్వని బాగున్నదని మాత్రమే నమ్మరు.

లోపలి అరుగుదల తరచుగా మొదట నూనెలోనే తెలియును. ఇంజనును కొలదిసేపు నడిపిన పిమ్మట ఆయిల్ ఫిల్టరును కోసి, అందలి కాగితపు మడతలను పిండి, వెలుతురున పరీక్షింతురు. సన్నని బూడిదవన్నె పొడి కొంచెము కనబడిన భయము లేదు. కొత్త రింగులు సిలిండరు గోడల నొరసి కుదురుకొనునపుడు అది సహజము. తళుకు రేకులు కనబడిన మాత్రము ఉపేక్షింపరాదు. అవి అయస్కాంతమున కంటినచో ఉక్కు లేక ఇనుము: కామ్, లిఫ్టరులను శంకింపవలెను. అంటనిచో బేరింగుల లోహమో, పిస్టనుల అల్యూమినియమో కావచ్చును.

వాల్వుల సందును సయితము ముందే కొలిచి వ్రాసికొందురు. పిదప అది పెరిగినచో కామ్ అరుగుచున్నదేమో చూడవలెను. తగ్గినచో వాల్వు తన పీఠమున దిగుచున్నదేమో చూడవలెను.

సందేహము కలిగిన ఇంజనును మరల నడపక, అడుగు తొట్టిని విప్పి బేరింగులు చూచుటయే వివేకము. విప్పుటకు పోవునది ఒక పూట పని. విప్పకున్న పోవునది ఇంజను మాత్రమే కాకపోవచ్చును.