ఆస్పత్రి దినములు, ఇంటి దినములు
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాటలాడదలచినది క్యాన్సరును గురించి కాదు, క్యాన్సరు ముదిరినవారి దినములను గురించి. వైద్యపు ఖర్చును మనము రూపాయలలో లెక్కించుచున్నాము. పొలము అమ్మినది, నగలు కుదువపెట్టినది ఊరందరికిని తెలియును. రోగి చెల్లించు మరియొక వెల యున్నది. అది కాలము.

ముదిరిన వ్యాధి అనగా ఊపిరితిత్తులకో, కాలేయమునకో, ఎముకలకో ప్రాకినది. దానిని చాలవరకు పూర్తిగా నయము చేయజాలరు. ఆయువును కొంత పొడిగించి, బాధను తగ్గించగలరు. ఆ పొడిగింపు కొన్నిటిలో సంవత్సరములు, కొన్నిటిలో వారములు మాత్రమే. మొదటి దశలో కనుగొనిన క్యాన్సరు సంగతి వేరు. మా మాటను దానికి అన్వయించి ఎవరును చికిత్స మానవద్దు.

పాలమూరు పల్లెనుండి హైదరాబాదు పెద్దాస్పత్రికి వచ్చు ఒక తల్లిని తలంచుడి. తెల్లవారకముందే బస్సు. ఓ.పి. చీటీకి వరుస, రక్తము ఇచ్చుటకు వరుస, ఫలితము కొరకు బల్లమీద నిరీక్షణ. తెల్లకణములు మరీ తగ్గియున్నయెడల ఆ దినము కీమో ఇవ్వరు, వచ్చేవారము రమ్మందురు. ఇచ్చినయెడల సెలైను గంటల తరబడి ఎక్కును. డాక్టరుగారితో మాట పది నిమిషములు. ఆస్పత్రి పుస్తకములో అది ఒక విజిట్; ఇంటిలో అది ఒక పూర్తి దినము, లేవలేని మరునాటితో కలిపి రెండు. తోడు వచ్చిన కుమారుని కూలి వేరే లెక్క.

2022లో అర్జున్ గుప్తా, ఎలిజబెత్ ఐసెన్‌హవర్, క్రిస్టోఫర్ బూత్ అను ముగ్గురు వైద్యులు దీనికి 'టైమ్ టాక్సిసిటీ' అని పేరు పెట్టిరి. వాంతులు, జుట్టు ఊడుట మందు చేయు చెరుపు అయినట్లే, పోయిన దినములును చెరుపే అని వారి వాదము. వారి కొలత సులభము: రక్తపరీక్షకైనను సరే, వైద్యము కొరకు గడప దాటిన ప్రతి దినమును ఒక దినముగా లెక్కించవలెను. కలిసివచ్చిన ఆరు వారములును వరుసలలోనే గడిచినయెడల మిగిలినదేమి? ఈ ప్రశ్న అడుగుట అవిశ్వాసమని కొందరందురు. మేము అట్లు తలంచుట లేదు.

కొందరికి ఆ రాకపోకలలోనే ధైర్యము. డాక్టరు ముఖము చూచిననే బలము వచ్చును. వారిని వలదనుటకు మనమెవరము? నిర్ణయము రోగిదే. అయితే మన యిండ్లలో "అమ్మకు చెప్పవద్దండి అయ్యగారూ" అని వాకిటనే మా చెవిలో వేయుదురు. దినములు ఆమెవి, లెక్క మాత్రము ఆమెకు తప్ప అందరికిని తెలియును!

గనుక డాక్టరుగారిని అడుగుడి. ఈ చికిత్సకు నెలలో ఎన్ని దినములు రావలెను? రక్తపరీక్ష మా ఊరి ల్యాబులో చేయించవచ్చునా? స్కాను, డాక్టరు దర్శనము ఒకే దినమున కుదురునా? మానినయెడల ఏమగును? ఎముకలకు ప్రాకిన నొప్పికి అనేక దినముల రేడియేషనుకు బదులు ఒక్కదినపు మోతాదు చాలమందికి దాదాపు అంతే ఉపశమనమిచ్చును. మరల ఇవ్వవలసివచ్చుట మాత్రము కొంత ఎక్కువ. అడిగినవారికే ఇట్టివి తెలియును.

ఉపశమన వైద్యమనగా చేతులెత్తివేయుట అని మనవారి భయము. 2010లో బోస్టనులో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులు 151 మందిపై జరిగిన పరిశోధనలో, మొదటినుండి ఉపశమన వైద్యమును కలిపి పొందినవారు సుమారు 11.6 నెలలు, పొందనివారు 8.9 నెలలు జీవించిరి. వారిలో దిగులును తక్కువే. నొప్పికి మార్ఫిను మాత్రలు సరిగా అమర్చినయెడల ఎన్నో ప్రయాణములు తప్పును. ఇంటికే వచ్చి చూచు బృందములు మన రాష్ట్రములలో కొన్నిచోట్ల ఉన్నవి, విచారించుడి.

ఇక మన వంతు. రిపోర్టు తెచ్చుటకు రోగి పోనక్కరలేదు, యౌవనస్థుడొకడు చీటీ పట్టుకొని పోవచ్చును. తోడుగా పోవువారు వంతులు వేసికొన్నయెడల కుమారుని కూలి నిలుచును. పరామర్శకు కీమో మరునాడు పోవద్దు. కొంత ఓపిక వచ్చిన దినమున సంఘమంతయు ఒకేసారి వెళ్లి మంచము చుట్టు కూర్చుండవద్దు. ఆ దినము మనవలది. ముందుగా కబురు చేసి, పది నిమిషములలో లేచి రండి. మా ప్రార్థనయు చిన్నదిగానే యుండును.