విలువలంటే లిస్టు కాదండి, వరుస!

 

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీకు తెలిసిన పది మందిని పిలిచి, "ఆపదలో ఉన్న మనిషికి సాయం చేయడం మంచిదేనా?" అని అడగండి. పది మందీ "అదేం ప్రశ్న, మంచిదే కదా" అంటారు. సరే. అదే పది మంది పొద్దున తొమ్మిదింటికి ఆఫీస్‌కి వెళ్తున్నారు. రోడ్డు పక్కన ఒకతను బండి మీద నుంచి పడి ఉన్నాడు. ఎంతమంది ఆగుతారు?

ఆగని వాళ్ళందరినీ చెడ్డవాళ్ళు అనేద్దామా? అలా అనేస్తే మన పని తేలిక. కానీ అది నిజం కాదు. ఇంట్లో వాళ్ళ కోసం ప్రాణం పెట్టేవాళ్ళు, గుడికెళ్ళి హుండీలో డబ్బులు వేసేవాళ్ళు, వరదలొస్తే చందాలు ఇచ్చేవాళ్ళు కూడా ఆ రోడ్డు మీద ఆగకుండా వెళ్ళిపోతారు. మరి వాళ్ళలో ఉన్న మంచితనం ఆ నిమిషంలో ఎక్కడికి పోయింది? ఈ రోజు మాట్లాడుకునేది ఇదే.

దీని మీద అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు, 1973లో ప్రచురించారు. ఎవరి మీద చేశారంటే ప్రిన్స్‌టన్‌లో ఉన్న సెమినరీ విద్యార్థుల మీద. అంటే ముందు ముందు పాస్టర్లు అయ్యి, మంచి గురించి నలుగురికీ చెప్పబోయే వాళ్ళు. మొత్తం 40 మంది.

వాళ్ళని ఒక్కొక్కరిగా పిలిచి, "పక్క బిల్డింగ్‌కి వెళ్ళి చిన్న ప్రసంగం ఇవ్వాలి" అన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం బైబిల్‌లో లూకా సువార్తలో వచ్చే మంచి సమరయుని కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి కూడా ఒక యాజకుడు, ఒక లేవీయుడు పక్కనుంచి వెళ్ళిపోతారు. వాళ్ళెవరూ దగ్గరికి రానివ్వని ఒక సమరయుడు ఆగి, కట్టు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు కూడా తనే పెట్టుకుంటాడు. అదీ కథ. మిగతా సగం మందికి వేరే మామూలు అంశం ఇచ్చారు.

ఇప్పుడు అసలు మలుపు. కొంతమందితో "ఇంకా టైముంది, మెల్లగా బయల్దేరండి" అన్నారు. కొంతమందితో "వాళ్ళు రెడీగా ఉన్నారు, వెళ్ళండి" అన్నారు. ఇంకొంతమందితో "అయ్యో, ఇప్పటికే లేటయింది, మీ కోసం చూస్తున్నారు, త్వరగా వెళ్ళండి" అన్నారు. దారిలో ఒక గుమ్మం దగ్గర ఒక మనిషి తల వాల్చి, కళ్ళు మూసుకుని, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది పరిశోధకులే. ఈ సంగతి విద్యార్థులకి తెలీదు.

ఏం జరిగిందో తెలుసా? టైముంది అన్న వాళ్ళలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయం చేశారు. రెడీగా ఉన్నారు అన్న వాళ్ళలో 45 శాతం. లేటయింది అన్న వాళ్ళలో? 10 శాతం! సమరయుని కథ చెప్పడానికి వెళ్తున్నారా, వేరే అంశం చెప్పడానికి వెళ్తున్నారా అన్నది పెద్ద తేడా తేలేదని వాళ్ళు రాశారు. అంటే, ఆగి సాయం చేసిన మనిషి గురించి ప్రసంగించడానికి వెళ్తూ, దారిలో పడి ఉన్న మనిషిని దాటుకుంటూ వెళ్ళిపోయిన వాళ్ళు కూడా ఉన్నారన్నమాట.

40 మందే కదా, చిన్న ప్రయోగం. దీంతో మనిషి స్వభావం మొత్తం తేలిపోయిందని నేను అనను. కానీ ఇందులో నాకు బాగా పనికొచ్చిన విషయం ఒకటుంది. ఆగకుండా వెళ్ళిన వాళ్ళు హాయిగా ఏమీ వెళ్ళలేదట. చాలామంది అవతలి బిల్డింగ్‌కి చేరేసరికి కంగారుగా, మనసు పీకుతున్నట్టు కనిపించారట. అంటే విలువ లోపల ఉంది, చచ్చిపోలేదు. దాని ముందుకి ఇంకో విలువ వచ్చి నిలబడింది, అంతే. "నా కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు, మాట నిలబెట్టుకోవాలి" అనేది. అది కూడా మంచి విలువే కదండీ!

నేను ఈ వీడియోల్లోకి రాకముందు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను. అక్కడ ప్రయారిటీ క్యూ అని ఒకటుంటుంది. చేయాల్సిన పనులన్నీ లైన్‌లో ఉంటాయి, కానీ ఏది ముందు వచ్చిందని చూడరు, దేనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చామో అదే ముందు నడుస్తుంది. అన్నిటికంటే కింద పెట్టిన పని క్యూలోనే ఉంటుంది, డిలీట్ కాదు. కానీ పైన ఏదో ఒకటి వస్తూనే ఉంటే దాని వంతు ఎప్పటికీ రాదు. మన విలువలు కూడా సరిగ్గా ఇంతే. కరుణ లేని మనిషి చాలా అరుదు. కరుణని క్యూలో కింద పెట్టిన మనిషి మాత్రం ప్రతి ఇంట్లో ఉంటాడు.

ఇది నా సొంత కవిత్వం కాదు. షాలోమ్ ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు చాలా దేశాల్లో సర్వేలు చేసి, 1992లో ఒక సిద్ధాంతం చెప్పారు. మనుషులందరికీ మూలంగా ఉండే విలువలు పది రకాలు. అధికారం, విజయం, భద్రత, సంప్రదాయం, స్వేచ్ఛ, ఇలా. దేశం ఏదైనా దాదాపు ఇవే ఉంటాయి. మనిషికీ మనిషికీ తేడా ఎక్కడంటే, ఏది ముందు, ఏది వెనక అన్న వరుసలో.

ఆ పదిలో రెండు మన ఈ రోజు విషయానికి సంబంధించినవి. ఒకటి మన దగ్గరివాళ్ళ మేలు కోరడం. రెండోది మనకి సంబంధం లేని వాళ్ళ మేలు కూడా కోరడం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదండి. తమ్ముడి కూతురి చదువుకి అప్పు చేసి మరీ ఫీజు కట్టే బాబాయ్ నిజంగా మంచి మనిషే. కానీ ఆ బాబాయ్‌కి ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు ఏ క్లాసులో ఉందో తెలియకపోవచ్చు. మంచితనం ఉంది, దానికి ఒక ప్రహరీ గోడ కూడా ఉంది.

ఆ గోడ కొంతమందికి ఎందుకు ఉండదు? దీన్ని జీవితమంతా వెతికిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు శామ్యూల్ ఒలినర్. పోలండ్‌లో పుట్టిన యూదు. 1942లో నాజీలు ఆయన కుటుంబాన్ని చంపేశారు. అప్పటికి ఆయనకి పన్నెండేళ్ళు. ఎలాగో తప్పించుకుని, వాళ్ళ నాన్నకి తెలిసిన బాల్వీనా అనే ఒక రైతు మహిళ ఇంటి తలుపు తట్టాడు. ఆమె కాథలిక్. యూదులకి చోటిస్తే మరణశిక్ష అని రూలున్న రోజులు. ఆమె లోపలికి పిలిచి, తిండి పెట్టి, కొత్త పేరు పెట్టి, ఎవరైనా అడిగితే పట్టుబడకుండా కాథలిక్ ప్రార్థనలు నేర్పి బతికించింది.

ఆ పిల్లాడు పెద్దయ్యాక అమెరికాలో ప్రొఫెసర్ అయ్యాడు. భార్య పెర్ల్‌తో కలిసి, అలా యూదుల్ని కాపాడిన 400 మందికి పైగా మనుషుల్ని ఇంటర్వ్యూ చేయించి, కాపాడని వాళ్ళతో పోల్చి, 1988లో పుస్తకం తెచ్చారు. ఏం తేలింది? కాపాడిన వాళ్ళు మనకంటే వేరే జాతి వీరులేం కాదు. చాలామంది సాయం చేయడానికి వెతుక్కుంటూ వెళ్ళలేదు కూడా. ఎవరో వచ్చి అడిగారు, వీళ్ళు కాదనలేదు. తేడా అంతా "మనవాళ్ళు" అనే మాట ఎంతవరకు వెళ్తుంది అన్న దాంట్లో ఉంది. వాళ్ళకి ఆ మాటలో అందరూ ఉన్నారు.

అది వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు ఇంట్లో నుంచే. చిన్నప్పుడు తప్పు చేస్తే వాళ్ళ అమ్మానాన్నలు కొట్టడం తక్కువ, కూర్చోబెట్టి "నువ్వలా చేస్తే వాడికెలా ఉంటుంది?" అని కారణం చెప్పడం ఎక్కువ. పిల్లలున్న వాళ్ళు ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. దెబ్బ వల్ల పిల్లాడికి భయం నేర్పగలం. ఎదుటివాడి బాధ నేర్పాలంటే మాట్లాడాల్సిందే.

ఇవన్నీ ఎక్కడో దేశాల కథలు అనుకుంటున్నారేమో. మన కోనసీమకి రండి. డొక్కా సీతమ్మ గారు. 1841లో పుట్టారు, 1909లో పోయారు. గోదావరి పాయ ఒడ్డున లంకల గన్నవరంలో ఉండేవారు. వంతెనలు లేని కాలం. పడవ దాటి ఏ వేళకి ఎవరొస్తారో తెలీదు. ఏ వేళకి వచ్చినా, ఏ కులం అని అడక్కుండా ఆ ఇంట్లో అన్నం పెట్టేవారు. ఈ రోజు ఆంధ్రాలో ప్రభుత్వ బళ్ళలో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే ఉంది.

ఆమె గురించి గోదావరి జిల్లాల్లో ఒక కథ చెప్పుకుంటారు. ఎన్నాళ్ళుగానో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరిక. ఇంటికొచ్చే వాళ్ళతో తీరిక దొరకదు. చివరికి ఎలాగో బయల్దేరారు. దారిలో ఆగిన చోట ఒక కుటుంబం కనిపించింది. పిల్లలు ఆకలి అని ఏడుస్తుంటే, పెద్దవాళ్ళు "ఇంకాస్త దూరం ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి చేరితే కడుపునిండా తినొచ్చు" అని సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె యాత్ర మానేసి ఇంటికి మళ్ళించారట. వాళ్ళు చేరేసరికి తను అక్కడ ఉండాలి కదా!

ఇప్పుడు ఆ సెమినరీ విద్యార్థుల పక్కన ఈ కథ పెట్టి చూడండి. ఇద్దరూ దేవుడి పని మీదే బయల్దేరారు. వాళ్ళు దేవుడి పని కోసం మనిషిని దాటి వెళ్ళారు, ఈమె మనిషి కోసం దైవదర్శనం వాయిదా వేసుకున్నారు. భక్తిలో తేడా లేదు. వరుసలో ఉంది. ఇంకో సంగతి చూడండి, ఆ దారిలో ఆమె కొత్తగా నిర్ణయం తీసుకోలేదు. ఆకలితో వచ్చిన వాళ్ళకి అన్నం పెట్టాలన్న నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. ఆ రోజు దాన్ని పాటించారు, అంతే.

"తనకు మాలిన ధర్మం పనికిరాదు అని పెద్దలే అన్నారు కదా" అని మీరు అడగొచ్చు. నిజమే. ఇల్లు ముంచుకుని ఊరిని ఉద్ధరించమని నేను చెప్పట్లేదు. కానీ మనం ఆ సామెతని ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి. రోడ్డు మీద పడ్డ మనిషి కోసం 108కి ఫోన్ చేస్తే మనకి మాలేది ఏముంది? పది నిమిషాలు. పోలీసులు, కోర్టులు అని భయమా? దానికీ సమాధానం ఉంది. 2016లో సుప్రీంకోర్టు, యాక్సిడెంట్‌లో సాయం చేసిన వాళ్ళని వేధించకూడదన్న మార్గదర్శకాలకి చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ అనే సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసిన మనిషి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ చట్టంలో అలాంటి మనిషికి పెట్టిన పేరేంటో తెలుసా? గుడ్ సమారిటన్. మనం మొదట్లో చెప్పుకున్న ఆ సమరయుడే!

మరి రేపటి నుంచి ఏం చేద్దాం? మూడే మూడు పనులు. ఒకటి, ముందే నిర్ణయించుకోండి. "ఎవరైనా పడిపోయి కనిపిస్తే నేను ఆగుతాను, ఎవరో ఒకరికి ఫోన్ చేసేదాకా కదలను" అని ఈ రోజే అనేసుకోండి. ఆ నిమిషంలో ఆలోచిద్దాం అంటే తొందరే గెలుస్తుంది. రెండు, బయల్దేరేటప్పుడు పది నిమిషాలు ముందు బయల్దేరండి. నవ్వకండి! 63కీ 10కీ మధ్య ఉన్న తేడా ఆ కాస్త టైమే. మూడు, మీ "మనవాళ్ళు" లిస్టులోకి ఈ వారం ఒక్క కొత్త మనిషిని చేర్చండి. వాచ్‌మన్ కావచ్చు, రోజూ పార్సెల్ తెచ్చే కుర్రాడు కావచ్చు. పేరు అడగండి, ఎలా ఉన్నావని అడగండి. గోడ అలాగే తగ్గుతుంది, రోజుకో ఇటుక.

మీ విలువలేంటి అని ఎవరైనా అడిగితే అందరం మంచి లిస్టే చెప్తాం. లేటైన రోజు ఆ లిస్టులో మొదట ఏది నిలబడుతుందో, అదీ మనం. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, నమస్తే!