చౌక యోడ ప్రయాణము: వెలయు, విలువయు



ఈ దినమున నేను ముచ్చటింపదలచిన విషయము చౌకవెలకు దొరకెడి నౌకావిహారములను గూర్చినది. ఓడల మాట సముద్రతీరవాసులకు గాని ఇబ్రహీంపట్నము వంటి మెట్టసీమవారి కెందులకని మీలో కొందఱు సంశయింపవచ్చును. సంశయము సహజమే. మన కన్నులయెదుట నున్న జలరాశి కుతుబ్‌షాహీల కాలమునాటి పెద్దచెరువు మాత్రమే. అయినను మన యూరిమీదుగా పోవు దారి తిన్నగా నాగార్జునసాగరమునకు చేరును. అచ్చట లాంచీ యెక్కి నాగార్జునకొండ చూచివచ్చిన కుటుంబములు మన ప్రాంతమున పెక్కులు గలవు. భద్రాచలము యాత్రకు పోవు బస్సులవారు పాపికొండల పడవప్రయాణమునుగూడ అందులో కలుపుచున్నారు. బిడ్డలు అమెరికాలో నున్న పెద్దలు అచ్చటికి పోయినపుడు, టెక్సాసు రాష్ట్రమందలి గాల్వెస్టన్ రేవునుండియో, ఫ్లోరిడా రేవులనుండియో నాలుగైదు దినముల సముద్రవిహారమునకు పోవుటయు పరిపాటి యైనది. 2022 జూన్ నెలలో మన తెలుగువారి విశాఖపట్నమునుండియే విహారనౌక యొకటి బయలుదేరినది. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

సాగరమున లాంచీలను, గోదావరిలో పడవలను, సముద్రముపై పెద్దయోడలను నేను పలుమాఱు లెక్కితిని. నావలెనే తఱుచుగా తిరుగువారు తోడిప్రయాణికులుగ దొరకినపుడెల్ల వారి యభిప్రాయములను అడిగి తెలిసికొంటిని. వారు వేర్వేఱు మాటలతో చెప్పినను సారాంశ మొక్కటియే: “టికెట్టు చౌకగనే యున్నది, ప్రయాణము మాత్రము మునుపటివలె లేదు.” ఈ మాటలో నిజమెంత, వయసు మీఱినవారి సణుగుడెంత యని విచారింతము.

వారి మొదటి ఫిర్యాదు విడివిడి వసూళ్లను గూర్చినది. పూర్వము విహారనౌకకు టికెట్టు కొన్నవారికి పడక, భోజనము, వినోదము, సేవ యనునవి చాలవఱకు అందులోనే యిమిడియుండెడివి. నేడు టికెట్టు ద్వారబంధము వంటిది. లోపలి గదులకు వేఱువేఱు తాళములు గలవు. మంచి భోజనశాల కొక రుసుము, పానీయముల కొక రుసుము, ఇంటికి మాటలాడుటకు ఇంటర్నెట్టు కొక రుసుము, రేవున దిగి ఊరు చూచుట కొక రుసుము. పరిచారకుల బహుమాన మను పేర దినదినమును లెక్కలో చేర్చు సొమ్ము మఱియొకటి. అమెరికా రేవులనుండి పోవు సామాన్యపు టోడలలో ఈ బహుమానము 2000 దశాబ్దమున తలకు దినమునకు సుమారు 10 డాలర్లుండెను. ఇటీవల అది 16 డాలర్లును దాటినది. దంపతులిరువురు 5 దినములు పోయినచో ఆ యొక్క పద్దుక్రిందనే 160 డాలర్లగును. పత్రికలో అచ్చయిన వెల చూచి సంతోషించినవాడు తుదకు దిగునాడు చేతికి వచ్చిన చీటీ చూచి నివ్వెఱపడుట ఇందువలననే.

రెండవ ఫిర్యాదు భోజనమును, సేవను గూర్చినది. పెద్దయోడలలో మునుపు గదిని దినమునకు రెండుమాఱులు శుభ్రపఱచెడివారు. 2023 నాటికి కొన్ని పెద్ద సంస్థలు దానిని సామాన్యపు గదులలో ఒక్కమాఱునకు తగ్గించినవి. ఇంటిని ఉదయమొక్కసారి ఊడ్చి తృప్తిపడు మనకిది గొప్ప లోపముగా తోచదు గాని, రెండింటికిని సొమ్ము చెల్లించి యొక్కటియే పొందుచున్నామని తఱుచు ప్రయాణించువారి బాధ. మన నదులపై పడవలలో గూడ ఇట్టి మాటయే వినవచ్చును. పప్పు పలుచనైనదనియు, రెండవమాఱు వడ్డింప పిలిచినచో పలుకువారు లేరనియు, కొండల నడుమ నిశ్శబ్దముగ సాగవలసిన ప్రయాణము శబ్దయంత్రముల హోరులో మునిగినదనియు పెద్దలు వాపోవుచున్నారు.

మూడవది జనసమ్మర్దము. 2024 జనవరిలో ప్రయాణమారంభించిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ అను నౌక 7,600 మంది ప్రయాణికులవఱకు ఎక్కించుకొనగలదు. పనివారు దానికి అదనము. మన మండలములోని పెక్కు గ్రామముల జనసంఖ్యకంటె నిది యధికము. అట్టిచోట భోజనమునకు వరుస, మెట్లయొద్ద వరుస, దిగుటకు వరుస తప్పవు గదా!

ఇట్లేల జరుగుచున్నది? యజమానుల దురాశయే కారణమని తేల్చివేయుట సులభము. కాని యది పూర్తి సమాధానము కాదు. 2020 మార్చి నెలలో మహమ్మారి కారణమున ప్రపంచమంతట విహారనౌకలు నిలిచిపోయినవి. నెలలకొలది రాబడి లేక, ఓడల పోషణ తప్పక, పెద్ద సంస్థలు కోట్లకొలది డాలర్ల ఋణములలో దిగినవి. ఆ ఋణములు తీరవలయును, ఓడలు నిండవలయును. ఓడ నింపుటకు వెల తక్కువగా చాటవలయును. చాటిన వెలకు గిట్టుబాటు కానిది లోపల రాబట్టుకొనవలయును. కిటుకంతయు నిదియే.

మనకు తెలిసిన యుదాహరణము చెప్పెదను. పెండ్లికి వంటవానితో విస్తరికింత యని బేరమాడుదుము. అతడు చెప్పిన వెలను గీచి గీచి తగ్గింతుము. అతడును సరేయని తల యూపును. వడ్డననాడు చూచినచో నేతిగరిటె చిన్నదై యుండును. కూరలో ఉర్లగడ్డ పెద్దదై, వంకాయ కానరాదు. వంటవాడు మోసము చేసెనని మనమందుము. ఇచ్చిన సొమ్మునకు వండితినని యతడనును. ఇరువురి మాటలోను కొంత సత్యమున్నది. మనము వెలను మాత్రమే బేరమాడితిమి. విస్తరిలో నేమేమి యుండవలెనో మాటలాడుకొనలేదు.

పూర్వమే బాగుండెననువారు చరిత్రనుగూడ కొంచెము తలచుకొనవలయును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము కాకినాడ, విశాఖపట్నము మొదలగు రేవులనుండి వేలకొలది తెలుగు కూలీలు పొగయోడలపై రంగూనునకు పోయెడివారు. వారిది డెక్కు టికెట్టు. అనగా ఓడ పైతట్టుమీద ఎండకు, వానకు, కెరటపు తుంపరకు ఓర్చి, చాప పఱచుకొని, మూటను తలక్రింద పెట్టుకొని బంగాళాఖాతము దాటవలసినదే. గదులు దొరలకును, ధనికులకును మాత్రమే. నాడు చౌక టికెట్టు కొనుట బ్రతుకుతెరువుకొఱకు. నేడు కొనుట వేడుకకొఱకు. పింఛనుపై జీవించు ఉపాధ్యాయుడును, నాలుగెకరముల రైతును భార్యతోగూడ సముద్రముపై సూర్యోదయము చూడగలుగుట సామాన్యలాభము కాదు. ఆ భాగ్యము చౌకవెల వలననే కలిగినది. కావున చౌక ప్రయాణములే కూడదనువారితో నేను ఏకీభవింపను.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిప్పుడు వచ్చినది. తగ్గింపదగినది వేఱు, తగ్గింపరానిది వేఱు. కూర తగ్గవచ్చును, తువాలు తగ్గవచ్చును, పాటకచ్చేరి తగ్గవచ్చును. ప్రాణరక్షణ మాత్రము తగ్గరాదు. 1912లో మునిగిన ‘టైటానిక్’ చౌకయోడ కాదు. నాటి యోడలలో మిక్కిలి వైభవముగలది. అయినను అందున్న సుమారు 2,200 మందికి గాను ప్రాణరక్షక పడవలలో చోటు 1,178 మందికి మాత్రమే యుండెను. ఆ ఘోరము చూచిన పిమ్మటనే 1914లో దేశములు లండనులో కూడి సముద్రరక్షణకు నిబంధనలు చేసికొన్నవి. వైభవ మెంత యున్నను అది రక్షణ కాదని దీనివలన తెలియుచున్నది.

మన తెలుగునాట జరిగినవియు రెండు గలవు. కృష్ణాతీరమున విజయవాడ చేరువను మన యూరి పేరే గల మఱియొక ఇబ్రహీంపట్నమున్నది. 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారమున, అచ్చటి పవిత్రసంగమమునొద్ద విహారపు పడవ తలక్రిందై యిరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు జనులను ఎక్కించుకొనుటకు అనుమతియే లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదతో పొంగుచుండగా, పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరునొద్ద మునిగినది. ఏబదిమంది వఱకు జలసమాధియైరి. అందు మన తెలంగాణమువారును, వరంగల్లు ప్రాంతమునుండి బంధుమిత్రులతో కలిసి పోయినవారును ఉండిరి. పడవను నదీగర్భమునుండి వెలికితీయుటకు నెలకు పైగా పట్టినది.

చౌకవెలయే ఈ దుర్ఘటనలకు కారణమని నేననుట లేదు. కాని వెల నొక్కదానినే చూచి యెక్కు ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్న లడుగడు. అడుగువాడు లేనిచోట చెప్పువాడు నుండడు. 1917 నాటి పాతచట్టమును తొలగించి కేంద్రప్రభుత్వము 2021లో లోనాటి జలమార్గముల నౌకలకు క్రొత్త చట్టము చేసినది. పడవను నమోదు చేయుట, తనిఖీ చేయుట, పనివారి యర్హతలు అందులో నున్నవి. చట్టము కాగితముపై నుండును. రేవున నిలిచియుండువారము మనము.

కావున ఇంటినుండి బయలుదేరకమునుపే కొన్ని మాటలు తేల్చుకొనుడు. మొదటిది, టికెట్టు వెల యెంత యని కాక, ఇల్లు చేరువఱకు మొత్తము ఖర్చెంత యని యడుగుడు. భోజన మెన్నిమాఱులు, ఏ రుసుములు విడిగా నుండునో కాగితముపై వ్రాయించుకొనుడు. రెండవది, పడవకు అనుమతిపత్ర మున్నదా, ఎందఱిని ఎక్కింపవచ్చును, ఎందఱ నెక్కించిరి యని లెక్క చూచుకొనుడు. మూడవది, లైఫ్ జాకెట్టు ధరించి, ముళ్లు బిగించుకొని, దిగువఱకు విప్పకుడు. ఎండగా నున్నదనియు, ఫోటోలో బాగుగ నుండదనియు విప్పుట తగదు. పెద్దయోడలో నైనచో, బయలుదేరుటకు ముందు చెప్పు రక్షణపాఠమును నిద్రమత్తులో వినకుడు. మీ గుంపు కూడవలసినచోటు ఏదో కాలినడకను పోయి చూచుకొనుడు.

నాలుగవది యన్నింటికంటె కష్టమైనది. నది వరదమీద నున్నపుడు, గాలి తిరిగినపుడు, ప్రయాణము మానుకొనుడు. “ఇంతదూరము వచ్చితిమి, సొమ్ము కట్టితిమి, ఎట్లు మానుదుము?” అని బస్సులోని పడుచువారు తొందరించుదురు. కట్టిన సొమ్ము పోవునను చింతచేతనే మనుష్యుడు పోవలసిన దానికంటె నొక యడుగు ముందుకు వేయును. అట్టివేళ సరంగు మాటకంటె పెద్దల మాటకే బలమెక్కువ. “నేడు వద్దు, దిగుదము” అని గుంపులోని వృద్ధుడొకడు గట్టిగా పలికినచో పడవలోని వారందఱును దిగుదురు. ఆ మాట పలుకుటకే మీరు వారితో పోయితిరని భావింపుడు.

ఐదవది, లోపము కనబడినచో అరుగుమీద కూర్చుండి చెప్పుకొని యూరకుండక, యజమానికి వ్రాయుడు. రేవు అధికారికి వ్రాయుడు. కూర చెడినదని వ్రాసినచో కూర బాగుపడవచ్చును. లైఫ్ జాకెట్టు చినిగియున్నదని వ్రాసినచో, మీ రెఱుగని యేయింటి బిడ్డయో బ్రతుకవచ్చును.

తఱుచు ప్రయాణించువారి సణుగుడు వట్టి సణుగుడు కాదని దీనివలన గ్రహింపవచ్చును. ఏ పూట ఏది తగ్గినదో వారు కనిపెట్టియున్నారు. ఆ చూపు భోజనపు విస్తరితో నిలిచిపోక, పడవ అంచువఱకును, కట్టిన త్రాటివఱకును, నది రంగువఱకును సాగవలయుననియే నా విన్నపము. చౌకగా పోవుట తప్పు గాదు. ప్రాణము చౌక కాదని యెఱిగి పోయినచో చాలును.