జేబుకత్తి – మన ఉక్కు

 

ఫౌజులో చాలామందిమి జేబులో మడత చాకు పెట్టుకున్నవాళ్ళమే. తాడు కొయ్యాలన్నా, డబ్బా తెరవాలన్నా అదే దిక్కు. దాన్ని ఎలా చేస్తారో రిటైరయ్యాకే శ్రద్ధగా తెలుసుకున్నాను.

ఉక్కు రేకును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసు. అందుకని మళ్ళీ సన్నని సెగమీద కాస్తారు. లేత గడ్డి రంగు తిరగగానే తీసెయ్యాలి. నీలం దాకా పోనిస్తే పదును నిలవదు. వెనక స్ప్రింగు పట్టీకి మాత్రం ఆ నీలమే కావాలి. ఒకే ఉక్కు, రెండు డ్యూటీలు!

ఈ విద్య మనకు కొత్తేం కాదండీ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు తీసేవారు. కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులని పేరు పడ్డవాటికి ఇలాంటి ఉక్కే వాడారు. పేరు వాళ్ళది, ఉక్కు మనది.

ఇక అసలు మాట. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. బటన్ చాకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నా, దాటినా, 1959 ఆయుధాల చట్టం కింద కేసు. (7.62 అనగానే మనకు ఎస్.ఎల్.ఆర్. గుర్తొస్తుంది, అది మిల్లీమీటర్లు లెండి.) మాజీ సైనికుణ్ణంటే చెల్లదు. ఊరినుంచి వచ్చే పిల్లల సంచులూ చూడండి. ఇంటికెళ్ళి స్కేలు పెట్టి కొలుచుకోండి.